జెరాక్స్‌కి జెరాక్స్ తీసిన రాక్ పాటలు

అనంతపురంలో నాదొక జెరాక్సు అంగడి. రెండు మిషన్లు, ఒక లామినేషన్, ఒక స్పైరల్ బైండింగ్, అంతే. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిది దాకా ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, హాల్ టికెట్టు, మళ్ళీ ఆధార్. ఈ పనిలో ఉండేవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు, ఎవరో ఒరిజినల్ పోగొట్టుకుని జెరాక్స్ తెచ్చి దానికే జెరాక్స్ తియ్యమంటారు, ఆ కాపీకి ఆరు నెలల తర్వాత ఇంకో కాపీ, నాలుగోసారికి ఫోటోలో ముక్కు మూతీ పోయి నల్లమచ్చ మిగుల్తుంది, అయినా ఆ కాగితం చెల్లుతుంది, ఆ నల్లమచ్చే ఫలానా మనిషి అని అందరూ ఒప్పేసుకుంటారు. నేను ముప్పై ఏళ్ళుగా వింటాన్న రాక్ పాటలు కూడా ఆ నల్లమచ్చ బాపతే. నలభై ఆరేళ్ళ వయసులో పాత కేసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నా, ఆ పని సగంలో ఉండగా ఇది రాస్తాన్నా.

అసలు ఆ కేసెట్లు ఉన్నాయని కూడా మర్చిపోయినా. 2022 అక్టోబర్‌లో మా ఊరి వాగు, నడిమి వంక, పొంగింది కదా, అప్పుడు బయటపడినాయి. బయటి ఊర్ల వాళ్ళకి చెప్తే నవ్వుతారు, అనంతపురంలో వరదా అని. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పట్నుంచి బడిలో చెప్పించుకుని పెరిగినోళ్ళం, వాన పడితే పరీక్ష పాసైనంత సంతోషపడేటోళ్ళం, అట్లాంటిది రాత్రికి రాత్రి కాలనీలు మునిగినాయి. మా సందులోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చినాయి. బియ్యం మూట పోయింది, ఫ్రిడ్జి పోయింది, బీరువా కింది అరలో పెట్టిన పెళ్ళి ఆల్బం పోయింది, దాని గురించి మా ఆవిడ ఇప్పటికీ నన్నే అంటుంది, పై అరలో పెట్టమంటే పెట్టలేదని. నీళ్ళు తీసినాక గోడలు ఆరబెట్టుకుంటా సజ్జ మీద సామాన్లు దించుతాంటే ఒక శెనక్కాయల గోతం, దాంట్లో నలభై మూడు కేసెట్లు. చుక్క నీళ్ళు తగల్లేదు.

చేతిలోకి తీసుకుంటే నవ్వొచ్చింది. అన్నిటి మీదా నా చేతిరాతతో "ఎంసెట్ ఫిజిక్స్ 1", "ఎంసెట్ ఫిజిక్స్ 2", "ఆర్గానిక్ కెమిస్ట్రీ" అని ఉంది. అది మా నాయన కోసం. ఆయన ఆర్టీసీలో కండక్టర్, రాత్రి డ్యూటీ దిగొచ్చి నా చెవికి ఇయర్‌ఫోన్ చూసినప్పుడల్లా కేసెట్ డబ్బా తీసి పేరు చదివేవాడు. ఫిజిక్స్ అని ఉంటే తలూపి పోయేవాడు. పాపం ఆయన నమ్మినాడు. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకు చూసి కూడా, పిల్లోడు అన్ని కేసెట్లు విన్నాడే, ఎందుకిట్ల అయిందో అని చుట్టాలతో అనేవాడు. ఆ కేసెట్ల ఫలితమే ఇప్పటి జెరాక్సు అంగడి అనుకోండి.

ఇంగ ఆ పాటలు నా దాకా ఎట్ల వచ్చినాయంటే, 1992లో మా మిద్దె మీది రూములో జెఎన్‌టియులో చదివే ఒకన్న బాడుగకు దిగినాడు, విజయవాడ వైపు మనిషి. పుస్తకాల కంటే పెద్ద డబుల్ డెక్ టేప్ రికార్డర్, అంటే రెండు కేసెట్లు పట్టేది, తెచ్చుకున్నాడు. నాకు అప్పటి దాకా పాటంటే రేడియోలో వచ్చేది, లేకపోతే పెళ్ళి షామియానా కింద స్పీకర్లో వచ్చేది. ఒక రోజు మాయమ్మ ఉగ్గాని బజ్జీలు ఇచ్చి రమ్మని పైకి పంపితే ఆ అన్న గది తలుపేసుకుని ఏదో వింటాన్నాడు, మెట్ల మీదికే డ్రమ్ము వినపడింది, మామూలుగా కాదు, పెద్ద గోడౌన్‌లో ఎవరో ఇనప డ్రమ్ములు దొర్లిస్తాన్నట్టు. బజ్జీలు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడినా. అది లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు వాళ్ళ "వెన్ ద లెవీ బ్రేక్స్".

ఆ పాట పేరు చూసి నేను ఏమనుకున్నానో చెప్తే సిగ్గు. అప్పట్లో మాకు లెవీ అంటే ఒకటే, రైసు మిల్లోళ్ళు గవర్నమెంటుకి కట్టే లెవీ బియ్యం. ఇంగ్లీషోళ్ళు బియ్యం లెవీ గురించి ఇంత ఏడుస్తా పాడతారా అనుకున్నా. ఆ అన్న పడీపడీ నవ్వి, లెవీ అంటే నది కట్ట రా, కట్ట తెగితే ఊరు మునుగుతుంది, దాని గురించి అని చెప్పినాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకి నెట్‌లో చదివితే తెలిసింది, అది లెడ్ జెప్పెలిన్ సొంత పాట కూడా కాదు, 1927లో మిస్సిసిపీ నది కట్టలు తెగి వచ్చిన వరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అని ఇద్దరు 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాట. దాన్నే వీళ్ళు 1971లో వచ్చిన నాలుగో ఆల్బంలో పెట్టుకున్నారు. ఆ డ్రమ్ము శబ్దం సంగతి కూడా అప్పుడే తెలిసింది, ఇంగ్లాండులో హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత బంగళా ఉంటే, దాంట్లో మెట్ల అడుగున డ్రమ్ములు పెట్టించి, మైకులు పైనుంచి మెట్ల సందులో వేలాడదీసి రికార్డు చేసినారంట. నేను మొదటిసారి దాన్ని విన్నది మా మిద్దె మెట్ల మీద నిలబడి. ఇది కాకతాళీయమే, కానీ నాకు ఇష్టమైన కాకతాళీయం. వాన పడని ఊర్లో కూర్చుని వరద పాట మీద పడి చచ్చినోన్ని నేను, ఆఖరికి ఆ కేసెట్ దొరికింది కూడా వరద వచ్చినాకే.

సరే, పని సంగతికి వస్తా. కేసెట్లు దొరికినాయి, టేప్ రికార్డర్ కూడా ఇంట్లో ఉంది, ఆ అన్న 1995లో కోర్సు అయిపోయి పోతా పోతా నాకే వదిలేసి పోయిన డబుల్ డెక్ అది. ప్లగ్గు పెట్టినా, లైటు వెలిగింది, ప్లే నొక్కితే లోపల మోటర్ తిరుగుతాన్న సద్దు, కేసెట్ మాత్రం కదల్లేదు. వెనకాల స్క్రూలు ఊడదీస్తే రబ్బరు బెల్టు ఉండాల్సిన తావ నల్లటి జిగురు, వేసవిలో రోడ్డు మీద కరిగిన తారు చూసినారా, అచ్చం అదే. రబ్బరు ఏళ్ళు గడిస్తే అట్ల అవుతుందంట. చేతికి అంటిందా రెండ్రోజులు పోదు. పుల్లకి దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పుల్లీలన్నీ తుడిచేసరికి ఒక ఆదివారం పోయింది. కొత్త బెల్టు కోసం మా టౌన్‌లో అడగని రేడియో మెకానిక్కు లేడు. ఒకాయన అయితే నన్ను పైనుంచి కిందికి చూసి, సామీ, నేను కేసెట్ ముట్టుకుని ఇరవై ఏళ్ళయింది, ఇప్పుడు ఇండక్షన్ స్టవ్వులు బాగుచేస్తాన్నా అన్నాడు. చివరికి బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికినాయి, ఒక కవర్‌లో రకరకాల సైజులవి గుత్తగా ఇచ్చినాడు, దాంట్లో ఒకటి సరిపోయింది.

తర్వాత కేసెట్ల వంతు. మా ఊరి ఎండ ఒక మేలు చేసింది, ఒక కీడు చేసింది. తేమ లేదు కాబట్టి టేపు మీద బూజు పట్టలేదు, సముద్రం పక్క ఊర్లలో అయితే తెల్లటి బూజు పట్టి టేపు అతుక్కుపోతుందంటారు. కానీ సజ్జ మీద నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల వేడికి లోపల ఫెల్టు ముక్క ఉంటుంది చూడండి, టేపుని హెడ్డుకి, అంటే టేపు మీది పాటని చదివే ముక్కకి, ఆనించి పట్టుకునేది, దాని గమ్ము ఎండి సగం కేసెట్లలో ఊడి గలగలమంటాంది. ఆ ముక్క లేకపోతే సౌండు దూరంగా, మూతపెట్టిన గిన్నెలో నుంచి వచ్చినట్టు వస్తుంది. స్క్రూలు ఉన్న కేసెట్లయితే విప్పి అతికించొచ్చు. స్క్రూలు లేకుండా మొత్తం అతికించేసిన డొక్కు ఖాళీ కేసెట్లు కొన్నామే అప్పట్లో చీప్‌గా వస్తాయని, వాటిని బ్లేడుతో కోసి తెరిచి, రీళ్ళు తీసి వేరే డబ్బాలోకి మార్చాల్సి వచ్చింది. రీలు చేతిలోంచి జారి గది అంతా పరుచుకుంటే నేనూ మా ఆవిడా పెన్సిల్ పెట్టి చుట్టినాం. తెగిన చోట మామూలు సెల్లోటేపు వెయ్యకూడదు, దాని జిగురు హెడ్డుకి పట్టుకుంటుంది, అది నేను వేసి హెడ్డు పాడుచేసుకున్నాక నేర్చుకున్న పాఠం.

అన్నిటికన్నా పెద్ద గమ్మత్తు హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూ. దాన్ని అజిమత్ స్క్రూ అంటారు. హెడ్డు టేపుకి సరిగ్గా నిటారుగా ఉండాల, వెంట్రుకవాసి వంగినా పై శబ్దాలన్నీ, అంటే సింబల్స్ (డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాలు), గిటారు తీగ గీరుకునే సద్దు, ఇవన్నీ పోతాయి. ఒక్కో కేసెట్ ఒక్కో మిషన్లో ఎక్కించినది కాబట్టి ఒక్కోదానికి మళ్ళీ తిప్పుకోవాల. చెవి పెట్టి వింటా సన్న స్క్రూడ్రైవర్‌తో అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతాంటే ఒక్కసారిగా కిటికీ తెరిచినట్టు సింబల్స్ లోపలికొస్తాయి. ఆ క్షణం కోసం నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో.

కంప్యూటర్‌కి ఎక్కించడం అందరికీ తెలిసిందే, ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్. మొదట హెడ్‌ఫోన్ పిన్ను నుంచి ల్యాప్‌టాప్ మైకు సందులోకి వైరు పెట్టినా, బరబరా చిరిగిపోయింది సౌండు, మైకు సందు అంత సౌండు తట్టుకోలేదు, పైగా రెండు చెవులకీ ఒకటే వస్తాంది. యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొన్నాక దారిలో పడింది. దీంట్లో తొందర పెట్టడానికి లేదు, అరవై నిమిషాల కేసెట్ ఎక్కాలంటే అరవై నిమిషాలు పడుతుంది. రాత్రి షట్టర్ సగం దించి, రోజు లెక్క రాసుకుంటా, ఒక వైపు అయిపోతే తిప్పి పెట్టుకుంటా, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. నాకది బాగుంటుంది. ఫోన్లో అయితే సగం పాట విని తోసేస్తాం, ఇది తోయడానికి కుదర్దు.

హైదరాబాద్‌లో బీటెక్ చదివే మా పాపకి ఒక అలవాటు చేసినా. ప్రతి ఆదివారం ఒక పాట పంపుతా, కింద నాలుగు ముక్కలు ఇంటి సంగతులు. చింతపండు రేటు, అవ్వ మోకాలి నొప్పి, ఎదురింటోళ్ళ కుక్క పిల్లలు పెట్టింది, ఇట్లాంటివి. మొదట్లో దండం బొమ్మ పెట్టి వదిలేసేది. క్వీన్ వాళ్ళ "బొహీమియన్ రాప్సొడీ" పంపిన రోజు మాత్రం ఫోన్ చేసింది.

"నాన్నా, నీ పాట ఫాస్ట్‌గా పోతాంది. ఆయన గొంతు పిల్లోడి గొంతులా ఉంది."

నేను ఒప్పుకోలే. నా కేసెట్లో అదే కదా ముప్పై ఏళ్ళుగా ఉన్నది. ఆమె ఒరిజినల్ లింకు పంపింది. వింటే నాకు అది నిద్రమొహంతో పాడినట్టు అనిపించింది, నిజం చెప్తాన్నా, ఈడ్చుకుంటా పోతాన్నట్టు. లెక్క చూస్తే ఒరిజినల్ 5 నిమిషాల 55 సెకండ్లు, నాది 5 నిమిషాల 38. అంటే అయిదు శాతం ఎక్కువ స్పీడు, సంగీతం తెలిసినోళ్ళ లెక్కలో దాదాపు అరస్వరం పైకి పోయినట్టు. మోటర్ వెనక స్పీడు తిప్పే చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని తిప్పుదామని పోయి ఆగినా, ఎందుకంటే కంపెనీ కేసెట్ ఒకటి పెడితే కరెక్టు స్పీడ్‌లో పాడుతాంది. తప్పు నా మిషన్‌ది కాదు, ఆ అన్నకి ఇచ్చిన వాడెవడో బెంగళూరులో నిదానంగా తిరిగే మిషన్లో ఎక్కించినాడు, నిదానంగా ఎక్కితే మామూలుగా పాడినప్పుడు ఫాస్ట్ అవుతుంది. వాడి కాపీకి అన్న కాపీ, అన్న కాపీకి నా కాపీ, అదీ హై స్పీడ్ డబ్బింగ్ బటన్ నొక్కి తీసింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పాట పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ కూడా ఆధార్ ఫోటోలో నల్లమచ్చ లెక్క అయినాడన్నమాట. ఆయన చిన్నప్పుడు మహారాష్ట్రలో పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదివినాడని చెప్తే మా పాప నమ్మలేదు, వెతికి చూసి, అవును నాన్నా అని ఆ రోజు మొత్తం క్వీన్ పాటలే విన్నదంట. ఒరిజినల్ స్పీడ్‌లో.

సాఫ్ట్‌వేర్లో స్పీడు సరిచెయ్యడం రెండు నిమిషాల పని. చేసినా కూడా. రెండు ఫైళ్ళు పెట్టుకున్నా, ఒకటి సరైనది, ఒకటి నాది. సరైనది ఇంతవరకు రెండోసారి వినలే.

పింక్ ఫ్లాయిడ్ బ్యాండు సంగతి దీనికంటే అన్యాయం. "ద వాల్" 1979లో వచ్చిన డబుల్ ఆల్బం, దాంట్లో "కంఫర్టబ్లీ నంబ్" అనే పాట చివర డేవిడ్ గిల్మర్ గిటారు సోలో ఉంటుంది, రాక్ వినేవాళ్ళు దాని గురించి గంటలు మాట్లాడతారు. నా కేసెట్ అరవై నిమిషాలది, ఒక వైపుకి ముప్పై. సోలో మొదలై, పైకి లేస్తా లేస్తా, ఇంగ ఇప్పుడు ఏదో అవుతుంది అనే తావ టక్ మని కేసెట్ అయిపోతుంది. పన్నెండేళ్ళు నాకు ఆ పాట అంతే. టక్. ఆ తర్వాత ఏముందో నేనే ఊహించుకునేవాన్ని, సైకిల్ మీద టవర్ క్లాక్ కాడి నుంచి ఇంటికి పోయేదాకా నోటితో నా సొంత సోలో పూర్తిచేసేవాన్ని. నెట్ సెంటర్లో మొదటిసారి మొత్తం పాట విన్న రోజు కొంచెం నిరాశపడినా, గిల్మర్ బాగానే వాయించినాడు, కానీ నేను అనుకున్న వైపు పోలే.

బెంగళూరు కచేరీల గురించి ఎక్కువ చెప్పను. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌కి ఐరన్ మెయిడెన్ వచ్చినప్పుడు పోయినా, 2011 అక్టోబర్ 30న మెటాలికా వచ్చినప్పుడు కూడా పోయినా, రెండొందల చిల్లర కిలోమీటర్లు, బస్సులో పోయి బస్సులో వచ్చినా. బాగుండె. కానీ అంత పెద్ద సౌండు నా చెవికి కొత్త, ఇంటికొచ్చి కేసెట్లో వింటే గానీ ఇది ఆ పాటే అని కుదుటపడలే.

ఇంకొకటి చెప్పాల. నాలుగేళ్ళ కింద పేపర్ కటింగ్ మిషన్లో నా ఎడమచేతి చూపుడు వేలి కొన తెగింది. ఎముక దాకా పోలేదు గానీ అయిదు కుట్లు. కాగితాలు లెక్కపెట్టలేను, లామినేషన్ కవరు విప్పలేను, జెరాక్సు అంగట్లో వేలి కొన లేకపోతే మనిషి సగమే. ఆ మూడు వారాలు బ్లాక్ సబ్బాత్ ఒక్కటే విన్నా. వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీది ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్, పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని, ఇంక రేపట్నుంచి రాను అని చెప్పిన ఆఖరి రోజున మిషన్ కింద పడి కుడిచేతి నడిమేలు, ఉంగరం వేలు కొనలు తెగిపోయినాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి టోపీలు చేసుకున్నాడు, పైన తోలు అతికించుకున్నాడు. నొప్పి తగ్గాలని సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత తర్వాత తీగలు వదులు చేసి శ్రుతి దించుకున్నాడు. ఆ దించిన శ్రుతిలో నుంచి వచ్చిన బరువే హెవీ మెటల్ అని ఇప్పుడందరూ అంటారు. నేను నా వేలికి బ్యాండ్‌ఎయిడ్ మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని కాగితాలు తిప్పడం అప్పుడే నేర్చుకున్నా, రబ్బరు కాబట్టి పేజీ ఇంకా బాగా పట్టుకుంటుంది. వేలు మానినా ఇప్పటికీ అది చుట్టుకునే పనిచేస్తా. పని పిల్లోడు కూడా చుట్టుకుంటాన్నాడు, వాడికి ఎందుకో తెలీదు, అన్న చుట్టుకున్నాడు కాబట్టి.

ఇంగ ముప్పై ఒకటో కేసెట్. పేరు "ఆర్గానిక్ కెమిస్ట్రీ 4". ఇది డెక్కు నుంచి డెక్కుకి తీసింది కాదు. 1994 ఏప్రిల్‌లో నిర్వాణ బ్యాండులో పాడే కర్ట్ కొబేన్ చనిపోయినాడు, ఇరవై ఏడేళ్ళు. నాకు ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీ. అంతకుముందు ఏడాది నవంబర్‌లో వాళ్ళు ఎంటీవీకి చేసిన అన్‌ప్లగ్డ్ ప్రోగ్రాం ఉంది, మామూలుగా గోల చేసే బ్యాండు, పూలూ కొవ్వొత్తులూ పెట్టుకుని కూర్చుని నెమ్మదిగా పాడింది, అది టీవీలో వేస్తాన్నారు. మా పక్కింట్లో డిష్ కనెక్షను ఉంటే మాకూ వైరు లాగినారు. నేను అన్న దగ్గర్నుంచి సింగిల్ టేప్ రికార్డరు తెచ్చి టీవీ స్పీకర్ ముందర పెట్టి, దానికుండే మైకుతోనే రికార్డు నొక్కినా. అంటే ఇంట్లో ఏ సద్దు అయినా దాంట్లోకి పోతుంది. అందర్నీ గమ్మునుండమని చెప్పినా. ఎవరు వింటారు.

ఆడాసిటీలో నాయిస్ తీసే ఏర్పాటు ఒకటుంది. పాట లేని చోట రెండు సెకండ్లు ఉత్త బుస్సుమనే సద్దు సెలెక్ట్ చేసి, ఇదీ చెత్త అని చూపిస్తే, మిగతా అంతట్లో నుంచి ఆ చెత్త ఏరేస్తుంది. ఎక్కువ ఏరితే గొంతు నీళ్ళల్లో మాట్లాడినట్టు బుడబుడ అయిపోతుంది, కాబట్టి కొంచెం కొంచెం తియ్యాల. ఈ కేసెట్లో అట్లాంటి ఖాళీ రెండు సెకండ్లు ఎక్కడా దొరకలే. ఎక్కడ చూసినా ఏదో ఒకటి ఉంది. ఫ్యాన్ కటకట. సందులో పాత ఇనప సామాన్లోడు. పాట మధ్యలో కుక్కరు విజిలు. ఇంకో విజిలు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, గట్టిగా, "ఒరే, స్టౌ ఆపుపోరా!" కొబేన్ పాడతానే ఉన్నాడు. మళ్ళీ విజిలు. "నీకే రా చెప్పేది!"

కేసెట్ ఎక్కడం అయిపోయినాక ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకుపోయి మాయమ్మకి వినిపించినా. ఆమెకి ఇప్పుడు డెబ్భై రెండు. హెడ్‌ఫోన్ పెట్టుకోదు, చెవిలో పురుగు దూరినట్టు ఉంటుందంట, స్పీకర్లో పెట్టినా.

"ఎవరిదో ఆ గొంతు, యాలప్పా అంత గట్టిగా అరుస్తాంది," అనింది.

"నీదేమ్మా."

"నాది కాదు. నేనెప్పుడు అట్ల అరిచినా?"

మా ఆవిడ వంటింట్లో నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గింది. నేను మళ్ళీ పెట్టినా. ఈసారి మాయమ్మ గొంతు గురించి ఏమనలేదు. వేలు ఎత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మధ్యలో కొబేన్ ఒక చరణం పాడినాడు, ఆమె పట్టించుకోలే. మూడు. నాలుగు. అయిదు. ఆరోది వచ్చేసరికి నా వైపు తిరిగింది.

"కందిపప్పుకి ఆరు విజిల్సు! మాడకుండా ఉంటుందా? ఆ పొద్దు పప్పంతా అడుగంటిపోయె. మీ నాయన డ్యూటీ నుంచి వచ్చి చారు పోసుకుని తిన్నాడు. నేను పెరట్లో బట్టలు ఉతుకుతాంటి, చేతులకి సబ్బు. స్టౌ ఆపమని మొత్తుకుంటే నువ్వు పలకలే."

"పలికితే రికార్డు అవుతుందని పలకలేదమ్మా."

"అయింది కదా," అనింది.

నిజమే, అయింది. మా నాయన గొంతు ఏమన్నా ఉందేమోనని ఆ కేసెట్ రెండు వైపులా వెతికినా. లేదు. ఆయన డ్యూటీలో ఉన్నాడు.

ఆ ఆదివారం పాపకి ఆ పాట పంపినా. కొంచెం నాయిస్ తీసి, విజిల్సు మాత్రం ఉంచి. కింద అవ్వ చెప్పిన పప్పు సంగతి రాసినా. అరగంటకి ఫోన్ వచ్చింది, రూమ్మేట్స్ అందరికీ వినిపించిందంట, ఒకమ్మాయిది కర్నూలు, ఆమె వాళ్ళమ్మ కూడా అచ్చం అట్లే అరుస్తుందని చెప్పి ఇంటికి ఫోన్ చేసుకునిందంట.

"నాన్నా, ఇట్లాంటివి ఇంకేమున్నాయి?"

"ఇదొక్కటే పాపా. మిగతావన్నీ వైరుతో తీసినవి, వాటిలో పాట తప్ప ఏముండదు."

"అయితే వైరు తీసెయ్. టేప్‌రికార్డర్ ఆన్ చేసి, పక్కన ఫోన్ పెట్టి వాయిస్ నోట్ పంపు. క్లియర్‌గా కావాలంటే నాకు ఫోన్లో ఉందిలే."

ఇన్ని నెలలు నేను పడిన తిప్పలు, బెంగళూరు పోయి బెల్టు తెచ్చింది, అజిమత్ స్క్రూ తిప్పింది, సౌండ్ కార్డు కొనింది, అంతా ఆమె ఒక్క మాటలో పక్కన పెట్టేసింది. కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంకా పన్నెండు కేసెట్లు మిగిలినాయి, అవి నా పద్ధతిలోనే వైరుతో ఎక్కిస్తాన్నా, అది వేరే. కానీ పోయిన శనివారం రాత్రి షట్టర్ సగం దించినాక, ఆ "వెన్ ద లెవీ బ్రేక్స్" కేసెట్ పెట్టి, స్పీకర్ పెద్దది చేసి, జెరాక్సు మిషన్ మూత మీద ఫోన్ పెట్టి రికార్డు నొక్కినా. డ్రమ్ము మొదలైంది. బయట ఆటో పోయింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నా, అలవాటు పోలేదు.

నాలుగు నిమిషాలు కాకముందే షట్టర్ కింద నుంచి ఒకాయన తల దూర్చినాడు. నేను చెయ్యి ఊపినా, ఆగమని. ఆయనకి అర్థం కాలే, రమ్మంటాన్నా అనుకుని వంగి లోపలికే వచ్చేసినాడు.

"అన్నా, ఆధార్ ఒకటి. ముందూ వెనకా ఒకే పేజీలో రావాల. ఏందన్నా ఈ మోత, మిషన్ చెడిపోయిందా?"

ఆయన చేతిలో కార్డు తీసుకుని చూసినా. అది కూడా జెరాక్సే. ఫోన్ పక్కకి జరిపి మూత ఎత్తినా, రికార్డు ఆపకుండానే.